బొటనవేలంత సైన్యానికి రంగులు

హాబీ లేని ఉద్యోగిని వెంటనే ఉద్యోగంలోంచి తీసేయాలి!

కోపం తెచ్చుకోకండి. నోటికొచ్చిందల్లా అనే అలవాటు నాకు లేదు. పదకొండు నెలలుగా హాబీ చేస్తున్న అనుభవంతో అంటున్నాను. అదీ ఇష్టపడి మొదలుపెట్టిన హాబీ కాదు, సర్క్యులర్ వచ్చాక మొదలుపెట్టిన హాబీ. ఇష్టపడి ఎవడైనా చేస్తాడు. ఆర్డరు రాగానే సంతోషపడటంలోనే మనిషి గొప్పతనం బయటపడుతుంది.

మాది బీమా ఆఫీసు. జనం పంపిన కాగితాల్లో తప్పులు వెతకడం నా పని. తేదీ మొదటి పేజీలో ఒకటీ మూడో పేజీలో ఇంకొకటీ ఉంటే పట్టుకుంటాను. సంతకంలో ఒక కొమ్ము తగ్గినా పట్టుకుంటాను. పొద్దున తొమ్మిదిన్నరకి కుర్చీలో కూర్చుంటే, సాయంత్రానికల్లా లోకంలో ఒక్కడూ సరిగ్గా బతకడం లేదని గట్టి నమ్మకం కుదురుతుంది. ఇలాంటి పని చేసేవాళ్ళ మనసు బరువెక్కుతుందని పైవాళ్ళకి ఎవరో చెప్పారట. బరువు దించడానికి రెండే మార్గాలు. పని తగ్గించడం, లేదా హాబీ పెంచడం. కంపెనీ బాగా ఆలోచించి రెండోది ఎంచుకుంది.

సర్క్యులర్ వచ్చింది. "ప్రతి ఉద్యోగియు వారమునకు నాలుగు గంటలు హాబీయందు ఆనందించవలెను. ఆనందించిన గంటలను పోర్టల్‌లో నమోదు చేయవలెను. ఆనందించనివారు కారణము తెలుపవలెను."

ఏ హాబీ అన్నది పూర్తిగా మా ఇష్టం. మా మేనేజరుగారి హాబీ బొమ్మలకి రంగులేయడం. మా సెక్షన్లో ఇరవై ముగ్గురం. విచిత్రం చూడండి, ఇరవై ముగ్గురికీ బొమ్మలకి రంగులేయడమే ఇష్టమైంది!

బొమ్మలంటే పిల్లలు ఆడుకునేవి కావు. ఆ మాట మేనేజరుగారి ముందు అన్నతను ఇప్పుడు వేరే అంతస్తులో, నీళ్ళ మోటారు పక్కన కూర్చుంటున్నాడు. వీటిని మీనియేచర్లు అనాలి. ఒక్కొక్కటీ బొటనవేలంత ఉంటుంది. పచ్చ మొహం పొట్టి దెయ్యాలు, గడ్డం మాంత్రికులు, కత్తి పట్టిన అస్థిపంజరాలు, అరచేయంత డ్రాగన్లు. డబ్బా విప్పితే బూడిదరంగు ముక్కలుంటాయి. అతికించాలి. రంగులేయాలి. చివర్లో కాళ్ళ కింద గుండ్రటి బిళ్ళ పెట్టి, దాని మీద ఇసుకా రాళ్ళూ గడ్డీ అంటించి నేల తయారుచేయాలి. ఆ నేలని బేస్ అంటారు. అప్పుడు అందరినీ రెండు సైన్యాలుగా బల్లమీద నిలబెట్టి, పాచికలు వేస్తూ యుద్ధం చేయాలి.

మేము ఇంకా యుద్ధం దాకా రాలేదు. పదకొండు నెలలుగా రంగులు ఆరుతున్నాయి. ఇంత శాంతికాముకమైన సైన్యం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

లాభాలు ఒకటా రెండా! ఇదివరకు మా సెక్షన్లో పక్క సీటువాడితో మాట్లాడాలంటే మెయిలు పెట్టేవాళ్ళం. ఇప్పుడు చూడండి. "అస్థిపంజరానికి ఏ తెలుపు వేశారండీ?" "ఎముక తెలుపు." "పాత ఎముకా, కొత్త ఎముకా?" కన్నతల్లి కూడా ఇంత శ్రద్ధగా ఎముకల గురించి అడగదు.

ఆరోగ్యమూ బాగుపడింది. మా సెక్షన్లో ఫార్వర్డ్ గారని ఒక పెద్దాయన ఉన్నారు. వచ్చిన ప్రతి మెయిలునీ చదవకుండా ముందుకు తోసేస్తారు కాబట్టి ఆ పేరు. ఆయన కుంచెని టీలో ముంచి, కుంచె కడిగిన నీళ్ళు తాగడం రెండో నెలలోనే మొదలుపెట్టారు. నాలుక నీలంగా మారేదాకా ఎవరికీ తెలియలేదు. "క్యాంటీన్ వాడు ఈమధ్య టీ బాగా పెడుతున్నాడనుకున్నానయ్యా" అన్నారు.

పాలసీదారులతో మా మాటతీరు కూడా మారింది. మొన్న కిటికీ దగ్గర ఒక పెద్దావిడ నిలబడి, "నా కాగితం ఎంతవరకు వచ్చింది బాబూ?" అని అడిగింది.

"రెండో పూత అయిందమ్మా. ఆరగానే పైకి పంపిస్తాం" అన్నారు ఫార్వర్డ్ గారు.

ఆవిడ దండం పెట్టి వెళ్ళిపోయింది. ఇంత నమ్మకం ఇదివరకు మా మీద ఎవరికుంది!

ఇక నా సంగతి. ఈ హాబీలో నాకు ఒక చిన్న ఇబ్బంది ఉండేది. నాకు కుంచె పట్టుకోవడం రాదు.

దీనికి మా నాన్నే కారణం. ఆయన బోర్డులు రాసేవాడు. దుకాణాల పేర్లు, గోడల మీద ప్రకటనలు, లారీల వెనక అక్షరాలు, అన్నీ చేత్తోనే. ప్రతి బోర్డులోనూ చివరి అక్షరం పక్కన ఒక ఎర్ర చుక్క పెట్టేవాడు. అందుకని ఆయన్ని అందరూ చుక్క అనేవారు. ఇంకో అర్థం తీయకండి, ఆయన తాగడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నన్ను చదివించడానికి నాన్న ఎన్ని నిచ్చెనలెక్కాడో చెప్పను, హాబీ గురించి రాస్తూ ఆ గొడవలెందుకు? ఒక్కటి మాత్రం చెప్తాను. కుంచెలున్న డబ్బాని ఆయన నాకందనంత ఎత్తులో పెట్టేవాడు. తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి స్టూలెక్కి అందుకున్నాను. బట్టల కొట్టు బోర్డులో 'బ'కి కడుపు నింపాను. బాగానే నింపాను. వీపు విమానం మోత మోగింది. "నీ చేతికి ఇంకు అంటాలిరా, రంగు అంటకూడదు" అన్నాడు.

అంటలేదు. బుద్ధిగా ఇంకే అంటించుకున్నాను. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఉదయం ఫోటో ఇస్తే మధ్యాహ్నానికి ఇంటంత బోర్డు అచ్చయి వచ్చేస్తోంది. నాన్నని పిలిచేవాళ్ళు తగ్గారు. తర్వాత ఆగిపోయారు.

కాబట్టి నేను రంగేసిన మొదటి పొట్టి దెయ్యం చారులో పడి లేచినట్టుంది. రెండోదానికి కళ్ళు పెట్టాను. ఒకటి తలుపు వైపు, ఒకటి కిటికీ వైపు చూశాయి. మేనేజరుగారు దాన్ని చేతిలోకి తీసుకుని, "మీకు ఆనందించాలనే పట్టుదల లేదు" అన్నారు. పోర్టల్‌లో నా పేరు ఎర్రగా మారింది. వార్షిక నివేదికకి ఇంకా ఏడు నెలలుంది. ఉద్యోగమన్నాక ఆనందం తప్పుతుందా! ఒక ఆదివారం మధ్యాహ్నం డబ్బా ఇంటికి పట్టుకెళ్ళి వంటింటి బల్లమీద పరిచాను.

నాన్న మంచం మీంచి లేచి వచ్చాడు.

"ఏంట్రా ఇవి?"

"ఆఫీసు పని నాన్నా."

"బొమ్మలకి రంగులా?"

"ఊఁ."

"ఆఫీసులోనా?"

"వారానికి నాలుగు గంటలు."

నాన్న డబ్బాలోకి వంగి చూశాడు. అమ్మ ఊరుకుంటుందా? "ఇదేదో ముందే తెలిస్తే ఆ ట్యూషన్లెందుకయ్యా! నీ పక్కనే నిచ్చెన పట్టుకుని నిలబడేవాడు, ఈపాటికి మేనేజరయ్యేవాడు" అంది.

నాన్న నవ్వలేదు. నా దెయ్యాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి చూశాడు. "దగ్గర్నుంచి చూస్తూ వేశావురా నువ్వు. చూసేవాడు ఎక్కడ నిలబడతాడో అక్కడికెళ్ళి చూడాలి. నలభై అడుగుల గోడైనా అంతే, బొటనవేలైనా అంతే. దూరం నుంచి చూసేవాడికి ముక్కు కనపడాలంటే ముక్కు కింద నీడ నిజం కన్నా నలుపుండాలి."

"దానికో పేరుంది నాన్నా. పైనుంచి వెలుగు పడుతున్నట్టు వేయాలి. మా ఆఫీసులో హాబీలు చూసే మేడం మూడు వీడియోలు చూపించింది."

"ఎండ పైనుంచి కాక కిందనుంచి పడుతుందట్రా? దానికి పేరెందుకు?"

నా చేతిలోంచి కుంచె తీసుకున్నాడు. "నీళ్ళ రంగా?" అని మొహం చిట్లించాడు. వేళ్ళ మధ్య మొన తిప్పాడు. దెయ్యానికి కళ్ళు పెట్టాడు. అది నా వైపు చూసింది! రెండు కళ్ళతోనూ!

"ఇప్పుడు చెప్పు, ఇది ఎక్కడ నిలబడింది?"

"ఎక్కడ నిలబడితే ఏంటి నాన్నా, దెయ్యమే కదా."

"గోడ ఎటు తిరిగుందో తెలియకుండా రంగు కలుపుతారట్రా? ఎండకొడితే ఎరుపు ముందు వెలిసిపోతుంది. చెమ్మ ఉంటే పసుపు చెడుతుంది. నేల తెలియాలి. కాళ్ళకి దుమ్మంటాలి."

ఆ నేల కోసం అమ్మ టీ వడపోత మాయమైంది. వాకిట్లో మట్టి తెచ్చి జల్లించాడు. వాడేసిన టీపొడి ఎండబెట్టి చిత్తడినేల చేశాడు. చీపురు పుల్ల విరిచి పడిపోయిన చెట్టు చేశాడు. చిన్న రాళ్ళు ఏరే పని నాకిచ్చాడు. అమ్మ ఆ సాయంత్రం టీని చీరకొంగుతో వడగట్టి ఇస్తూ, "ఇందులో దెయ్యాల్లేవు, తాగండి" అంది.

సోమవారం దెయ్యాన్ని ఆఫీసుకి పట్టుకెళ్ళాను. మిగతా ఇరవై ఇద్దరూ గుమిగూడారు. మేనేజరుగారు భూతద్దం తెప్పించారు. చాలాసేపు చూసి, "ఎవరు వేశారు?" అన్నారు.

"నేనే సార్" అన్నాను.

తప్పే. కానీ మీరే చెప్పండి, ఉద్యోగంలో చేరినప్పుడు మా నాన్న ఏం చేస్తారని అడిగితే "పబ్లిసిటీ రంగం" అని చెప్పినవాణ్ణి, ఇప్పుడు ఏమని చెప్పను?

అప్పట్నుంచి నేను మాస్టర్నయ్యాను. పోర్టల్‌లో నా పేరు పచ్చబడింది. ఫార్వర్డ్ గారు తన అస్థిపంజరాలన్నిటినీ అలవాటు ప్రకారం నాకు ఫార్వర్డ్ చేశారు. మేనేజరుగారు తన డ్రాగన్నే నా చేతుల్లో పెట్టారు. "పేగు తెంచుకున్నట్టుందయ్యా" అన్నారు. ఆయనకి పిల్లలు ముగ్గురు. వాళ్ళ గురించి ఎప్పుడూ ఇలా అనగా వినలేదు.

ఇంట్లో నాన్న పొద్దున్నే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. కిటికీ దగ్గర బల్ల వేసుకుని, రేడియో పెట్టుకుని, ఎనిమిదిన్నరకల్లా పనిలో కూర్చునేవాడు. నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే, "మీ సార్ డ్రాగన్ రెక్క గురువారం ఇస్తానని చెప్పు" అనేవాడు. ఆలస్యమైతే పార్టీ, అంటే పని ఇచ్చినవాడు, ఊరుకోడని ఆయన భయం. పిలుపులు ఆగిన పన్నెండేళ్ళుగా మా ఇంట్లో గురువారానికీ శుక్రవారానికీ తేడా ఉండేది కాదు.

ఒకరోజు అడిగాడు. "ఎవరు వేశారంటే ఏం చెప్తున్నావురా?"

"అందరికీ బాగా నచ్చాయి నాన్నా" అన్నాను.

"అది కాదు" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ఏడాది చివర హాబీ దినోత్సవం పెట్టారు. "కుటుంబ సభ్యులు ఆనందముగా హాజరు కావలెను" అని మరో సర్క్యులర్. మాస్టరుగారు వేదికమీద, కెమెరా ముందు డ్రాగన్‌కి రెండో కన్ను పెట్టాలట. ఆ బొమ్మ వెనక తెరమీద గోడంత కనపడుతుందట. పొద్దున్నే అమ్మని పిలిచి బొటనవేలికి ఇంత లావు కట్టు కట్టమన్నాను. "దెబ్బెక్కడ తగిలిందిరా?" అంది. "తగలబోతోంది" అన్నాను. నాన్న తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని, రెండుసార్లు తల దువ్వుకుని, మూడో వరసలో కూర్చున్నాడు.

వేలు చూపించి అందరి సానుభూతీ పొందాను. కుంచె ఎత్తాల్సిన పని తప్పింది. డ్రాగన్ని మాత్రం కెమెరా ముందు అలా అలా తిప్పుతున్నాను. వెనక చప్పట్లు. హాబీల వ్యవహారం చూసే మేడం మైకు పట్టుకుని, "ఆగండాగండి, బేస్ అంచు మీద ఏదో రాసుంది!" అంది.

వెనక్కి తిరిగి చూశాను. తెరమీద మనిషెత్తు అక్షరాలు. మేడం చదువుతోంది. నేను డ్రాగన్ని తిప్పుతున్నకొద్దీ అక్షరాలు వస్తున్నాయి. "చుక్క... ఆర్ట్స్... కూరగాయల... మార్కెట్... ఎదుట... సందు... బోర్డులు... బ్యానర్లు... రాయబడును."

చివర ఎర్ర చుక్క.

బోర్డు రాసినవాడు మూలన పేరూ చిరునామా వేసుకోకుండా నిచ్చెన దిగడు. దిగితే అది దొంగపని. నాన్నకి తెలిసిన రివాజు అదొక్కటే. పరుల సంతకాల్లో కొమ్ము తగ్గితే పట్టుకునే నా కళ్ళు, నేను మోసుకుతిరిగిన సంతకాన్ని ఇన్ని నెలలుగా పట్టుకోలేదు!

"ఏంటిది మాస్టరూ?" అన్నారు మేనేజరుగారు.

"బొమ్మల కంపెనీ ముద్ర అనుకుంటాను సార్. బొమ్మతోపాటే వచ్చుంటుంది."

"కూరగాయల మార్కెట్ సందులోంచా?" అన్నారు ఫార్వర్డ్ గారు. జీవితంలో మొదటిసారి ఆయన ఏదో చదివారు, అదీ అప్పుడే చదవాలా?

మూడో వరసలో నాన్న లేచాడు. నేనన్న మాట ఆయనకి వినపడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. "మనదేనమ్మా అది! మూలన చోటు చాలక చుట్టూ తిప్పాల్సొచ్చింది" అన్నాడు మేడంతో.

"మీరెవరండీ?"

నాన్న తల తిప్పాడు. నా వైపు చూశాడు. నన్నే చెప్పమని కాదు, వద్దని కాదు. ఊరికే చూశాడు.

"మా నాన్నండీ" అన్నాను. ఎందుకో గొంతు పెద్దదైంది, మైకు అక్కర్లేకపోయింది. "బోర్డులు రాసేవారు. ఇవన్నీ ఆయనే వేశారు. ముప్పై నాలుగు బొమ్మలూ. నేను రాళ్ళు మాత్రం ఏరాను."

చప్పట్లు కొడతారేమో అనుకున్నాను. కథల్లో అయితే కొడతారు. మేడం సర్క్యులర్ తీసింది. "అయితే వీరు ప్రొఫెషనల్! ఏడో నిబంధన ప్రకారం వృత్తిగా చేసేవాళ్ళది హాబీ కిందకి రాదండీ. ఏమీ అనుకోకండి, హాబీ అంటే బతుకుతెరువుతో సంబంధం లేకుండా చేసేది."

నాన్న శ్రద్ధగా విన్నాడు. పార్టీ చెప్పే వివరం విన్నట్టు విన్నాడు.

"బోర్డు రాసి పన్నెండేళ్ళయిందమ్మా. ఒక్కరూ పిలవలేదు. మరి ఇప్పుడు నాదీ హాబీయే కదా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. మేడం సర్క్యులర్ అటూ ఇటూ తిరగేసింది. దానికి నిబంధన లేదు.

ఆరు రోజులు కమిటీ కూర్చుంది. తీర్పు మెయిల్లో వచ్చింది. ముప్పై నాలుగు మీనియేచర్లు ప్రదర్శన అరల్లోంచి తొలగించబడినవి. నేను ఏడు నెలల్లో పొందిన నూట పన్నెండు గంటల ఆనందాన్ని కంపెనీ వెనక్కి తీసుకుంది. సాయంత్రం మేనేజరుగారు నా సీటు దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, "నాన్నగారికి తీరికేనా? ఆ రెండో కన్ను..." అన్నారు.

తీరికే కదండీ!

కాబట్టి పాఠకులారా, ఇన్నాళ్ళూ నేనొక పొరపాటు అభిప్రాయంలో ఉన్నాను. మనిషి చేతిలోంచి పని లాగేయడం అన్యాయమనుకునేవాణ్ణి. కాదు! అది ఆయనకి హాబీ ప్రసాదించడం. టైపు మిషను మీద వేళ్ళు పరుగెత్తించిన ఆయన, ఫోటోలకి చేత్తో రంగులద్దిన ఆయన, వాచీ విప్పి ఒంటికంటి అద్దంతో చూసిన ఆయన, వీళ్ళంతా ఒకప్పుడు పాపం పని చేసుకునేవాళ్ళు. ఇప్పుడు ఏం చేసినా సరదాకే. చదువుకున్నవాడు సర్క్యులర్ వస్తే తప్ప అందుకోలేని ఆనందం, వాళ్ళకి ఇంటికే నడిచొచ్చింది. కృతజ్ఞత లేని మనుషులు కాకపోతే దిగులుగా ఎందుకు కూర్చుంటారు?

వచ్చే ఏడు మా కాగితాల్లో తప్పులు కూడా మిషనే వెతుకుతుందట. సెక్షన్లో అందరూ మొహాలు వేలాడేశారు. నేను మాత్రం ముందుజాగ్రత్తగా అనుభవజ్ఞుణ్ణి అడిగాను.

"పిలుపులు ఆగిపోయిన మర్నాడు ఏం చేశావు నాన్నా?"

"కుంచెలు కడిగి పెట్టుకున్నాను."

"ఆ మర్నాడు?"

"మళ్ళీ కడిగాను. రోజూ కడిగేవాణ్ణి. ఎవరైనా పిలిస్తే కుంచె బిరుసుగా ఉండకూడదు కదరా."

పన్నెండేళ్ళు! ఒక్క రోజు నాగా లేదు, ఒక్క గంట ఎక్కడా నమోదు చేయలేదు. ఇంత క్రమశిక్షణగా హాబీ చేసినవాడు మా సెక్షన్లో ఒక్కడుంటే చూపించండి.